నిద్రించుట నేర్చిన యంత్రములు



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు కొంత వింతగా నుండవచ్చును. మన జేబులలోని సెల్ ఫోనులును, మన మనుమల బల్లలపై నున్న కంప్యూటర్లును కరెంటును ఎట్లు పొదుపు చేయుచున్నవి? ఆ పొదుపు చేయువారెవరు? అందు చిన్న తప్పు దొర్లినచో ఏమగును? ఇదియే నా ప్రసంగవిషయము. వ్యాకరణము చెప్పుకొను ముసలి పంతులునకు ఈ గొడవ యేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. నేను భాషాప్రవీణ చదివి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలలలో ముప్పది రెండు సంవత్సరములు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. యంత్రశాస్త్రము నేను చదివినది కాదు. కాని గత కార్తిక మాసమున ఒక రాత్రి జరిగిన సంగతి నన్నీ శాస్త్రము గడప వద్దకు ఈడ్చుకొని వచ్చినది.

నాటి రాత్రి తొమ్మిది గంటలకు నేను పరుండునప్పుడు నా ఫోనులో నూటికి అఱువది పాళ్లు ఛార్జి యున్నది. దానిని తలాపున నుంచుకొని నిద్రించితిని. తెల్లవారుజామున మూడు గంటల వేళ నా యిల్లాలు రొమ్మున నొప్పియని నన్ను లేపినది. 108కి ఫోను చేయుదమని చేతికి దీసికొందును గదా, అది చల్లారిన పొయ్యి వలె నున్నది. ఎంత నొక్కినను వెలుగు రాలేదు. మేముండునది కోదాడకు కొన్ని మైళ్ల దూరమున నున్న పల్లె. చీకటిలో పొరుగింటికి పరుగెత్తి, తలుపు బాది, వారి ఫోనుతో బండిని రప్పించితిని. పావుగంట కాలము వ్యర్థమైనది. దైవకృపవలన ఆమె బ్రతికి బయటపడినది. మఱికొంత ఆలస్యమైనచో చెప్పజాలకుందుమని వైద్యుడు పలికినప్పుడు నా కాళ్లు వణకినవి. ఎవరును ముట్టని ఫోను, ఎవరితోను మాటలాడని ఫోను, ఆఱు గంటలలో తన ప్రాణమంతయు నెట్లు పోగొట్టుకొన్నది? ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

మిర్యాలగూడలో నా వద్ద చదివిన శిష్యుడొకడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. క్వాల్కామ్, ఏఎండీ మొదలగు పెక్కు సంస్థలకు ఆ నగరమున పెద్ద కార్యాలయములున్న సంగతి మీరు వినియే యుందురు. అతనిది ఇట్టి పనియే: యంత్రములకు డ్రైవర్లు వ్రాయుట. పండుగకు వచ్చినప్పుడు నన్ను చూడవచ్చెను. నేను నా గోడు చెప్పుకొంటిని. అతడు నా ఫోను నందుకొని, "సారూ, మీ ఫోను నిద్రపోలేదు. అందుకే చచ్చిపోయినది" అనెను. ఆ మాట నాకు సూత్రప్రాయముగా వినబడినది. దానికి అతడు రెండు దినములు చెప్పిన వ్యాఖ్యానమునే నేను నా మాటలలో మీకు విన్నవించుచున్నాను.

డ్రైవరనగా ఇక్కడ బండి తోలువాడు కాడు. ఫోనులో ఎన్నో పరికరములు కలవు. వెలుగు తెర, మాట వినిపించు స్పీకరు, కెమెరా, గాలిలోని సంకేతముల నందుకొను రేడియో, మనమెచ్చట నున్నామో ఉపగ్రహముల సహాయమున కనిపెట్టు జీపీఎస్, ఇట్లెన్నియో. వీనియన్నిటిపై పెత్తనము చేయు ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మనలో పెక్కుమంది ఫోనులలో నున్న ఆండ్రాయిడ్ అట్టిదే. దాని గర్భమున నున్నది లినక్స్ అను మూలభాగము. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి దీనికి శ్రీకారము చుట్టెను. తరువాత దేశదేశముల ప్రోగ్రాము రచయితలు దానిని పెంచి పెద్ద చేసిరి.

పెత్తనము గలవానికి ప్రతి వస్తువు మర్మము తెలియవలెనని లేదు. పూర్వము మన పల్లెలలో పటేలునకు ఊరి పెత్తనముండెడిది. కాని చెఱువు తూము ఎంత తెఱచిన ఎన్ని మడులు తడియునో, ఎప్పుడు మూయవలెనో ఎఱిగినవాడు నీరటి. పటేలు నీరు వదలుమని చెప్పును. వదలు విద్య నీరటిది. అట్లే ప్రతి పరికరమునకును ఒక నీరటి వంటి ప్రోగ్రాము కలదు. దానికే డ్రైవరని పేరు. కెమెరాకు కెమెరా డ్రైవరు, తెరకు తెర డ్రైవరు. పరికరమును మేల్కొలుపుట, దానిచే పని చేయించుట, పని లేనప్పుడు దానిని నిద్రపుచ్చుట, ఈ మూడును డ్రైవరు ధర్మములు. మొదటి రెండు ధర్మములలో లోపమున్నచో వెంటనే బయటపడును. పరికరము పని చేయదు, మనము కేకలు వేయుదుము. మూడవదానిలో లోపమున్నచో ఎవరికిని తెలియదు. బ్యాటరీకి మాత్రమే తెలియును.

నిద్రయన్నను అందు తారతమ్యములు కలవు. జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి యని మన పెద్దలు జీవునకు మూడవస్థలు చెప్పిరి. యంత్రములకును ఇట్టి యవస్థలనే ఏర్పఱచినారు. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏపీఎం అను పద్ధతిని తెచ్చినవి. అందు నిద్రపుచ్చు అధికారము చాలవఱకు కంప్యూటరు అడుగున నుండు బయాస్ అను ప్రోగ్రాము చేతిలో నుండెను. పైన ఎవరేమి పని చేయుచున్నారో దానికి చక్కగా తెలియదు. అందుచేత 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏసీపీఐ అను క్రొత్త కట్టుబాటును ప్రకటించి, ఆ యధికారమును ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించినవి. అవసరము తెలిసినవాని చేతనే తాళపుచెవి యుండవలెననుట దీని సారాంశము. ఈ మాటను మీరు జ్ఞప్తియందుంచుకొనుడు. మఱల దీనితో పని కలదు.

ఆ కట్టుబాటు ప్రకారము పరికరమునకు డీ-0 మొదలు డీ-3 వఱకు అవస్థలు. డీ-0 పూర్ణజాగ్రదవస్థ. డీ-1, డీ-2 కునికిపాట్ల వంటివి. అన్ని పరికరములకు ఇవి యుండవలెనన్న నియమము లేదు. డీ-3 గాఢనిద్ర. యంత్రమంతటికిని వేఱు నిద్రలు కలవు. ఒక నిద్రలో జ్ఞాపకశక్తియగు మెమొరీకి మాత్రము కొద్ది కరెంటిచ్చి, తక్కినవానిని దాదాపుగా ఆర్పివేయుదురు. ల్యాప్‌టాప్ మూత మూసి తెఱచిన వెంటనే విడిచిన చోటనే పని కనబడుట దీనివలననే. ఇంకొక నిద్రలో మెమొరీలోని దానినంతయు డిస్కుపై వ్రాసి, అంతయు ఆర్పివేయుదురు. లేచుటకు ఆలస్యమగును గాని, ఆ నిద్రలో ఖర్చు దాదాపు లేదు.

నిద్రపుచ్చుట మాటలతో పని కాదు. చేతిలోని పనిని ముగింపవలెను. క్రొత్త పనిని స్వీకరింపరాదు. గాఢనిద్రలో కరెంటు తెగినప్పుడు పరికరము తన లోపలి గుఱుతులన్నిటిని మఱచిపోవును. కనుక వానిని ముందుగా మెమొరీలో దాచుకొనవలెను. లేచినప్పుడు వానిని మఱల యథాస్థానమున నుంచవలెను. డ్రైవరు రచయిత ఇందు ఒక్క గుఱుతు దాచుట మఱచినను, నిద్రలేచిన కంప్యూటరు మాటాడదు, లేదా తెర వెలుగదు. మా మనుమని ల్యాప్‌టాప్ ఒకప్పుడు మూత తెఱచిన పిమ్మట మూగదై యుండెడిది. డ్రైవరు క్రొత్త కూర్పు వేసిన తరువాత గాని దానికి గొంతు రాలేదు.

ఇందు వరుసయు ముఖ్యము. కొన్ని పరికరములు వేఱొక పరికరము నాశ్రయించి యుండును. తల్లి పరికరము ముందు నిద్రించినచో పిల్ల పరికరమునకు దిక్కుండదు. కనుక నిద్రపోవునప్పుడు పిల్లలు ముందు, తల్లి వెనుక. లేచునప్పుడు తల్లి ముందు, పిల్లలు వెనుక. లినక్స్ ఈ నియమమునే పాటించును. ఇది మన యిండ్లలో ఉన్నదే గదా! ఇల్లాలు అందఱికి పడకలు వేసి, దీపమార్పి, తలుపు గడియ చూచి, కడపట నడుము వాల్చును. తెల్లవారకముందే అందఱికన్న ముందు లేచును. ఆ తల్లి నిద్ర లెక్కను ఇన్నాళ్లు మనము గమనింపకపోతిమి గాని, యంత్రములు కట్టినవారు గమనించినారు.

పని లేదని తెలిసిన మఱుక్షణముననే నిద్రపుచ్చినచో మంచిది గదా యని నేనడిగితిని. కాదట. లేపుటకును ఖర్చు కలదు. కుంభకర్ణుని లేపుటకు లంకలో ఎంత తంటాలు పడిరో మీ రెఱుగుదురు. గడియకొకసారి నిద్రపుచ్చి లేపుచున్నచో, మేలుకొని యున్నదానికన్న ఎక్కువ వ్యయమగును, పనియు సాగదు. అందుచేత డ్రైవరు కొంచెము వేచిచూచును. లినక్స్ యూఎస్‌బీ పరికరముల విషయమున ఈ వేచియుండు కాలము సాధారణముగా 2 సెకండ్లు. ఆ లోపల పిలుపు రాకున్న, నిద్రకు అనుమతించును.

ఇక అసలు మర్మమునకు వత్తము. పని లేదని డ్రైవరునకు ఎట్లు తెలియును? ఇక్కడ ఒక యుపమానము చెప్పెదను. ఒక చెఱువు తూము ప్రక్కన రాతిపలకపై, నీరు కావలసిన ప్రతి రైతును ఒక గులకరాయి పెట్టవలెననియు, మడి తడిసిన పిమ్మట తన రాయి తాను తీసివేయవలెననియు ఊరివారు నియమము చేసికొన్నారనుకొందము. పలకపై ఒక్క రాయి యున్నను నీరటి తూము మూయడు. రాళ్లన్నియు పోయిన తరువాత మూయును. నీరటి ఊరంతయు తిరిగి అడుగవలసిన పని లేదు. పలకను చూచిన చాలును. డ్రైవర్ల లెక్కయు నిట్టిదే. పరికరము కావలసినవాడు లెక్కను ఒకటి పెంచును. పని తీరగానే ఒకటి తగ్గించును. లెక్క సున్నయైనప్పుడే నిద్ర. ఒక్కొక్క పరికరమును, తక్కిన యంత్రము మేలుకొని యుండగనే, ఈ విధముగా విడివిడిగా నిద్రపుచ్చు ఏర్పాటు 2009 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6.32 కూర్పులో చేరినది. దానిని కూర్చినవారిలో ముఖ్యుడు పోలండు దేశీయుడగు రఫాల్ విసోట్స్కీ.

ఇంత సులభమైన పద్ధతికి ఇంత పెద్ద ఆపద ఎక్కడ పొంచియున్నది? ఒక రైతు తన మడి తడిసినను రాయి తీయుట మఱచి యింటికి పోయినాడు. ఇక తూము మూతపడదు. దొంగ లేడు, ద్రోహి లేడు, గండి పడలేదు. అయినను తెల్లవారునప్పటికి చెఱువు ఎండిపోవును. నా ఫోనుకు జరిగినది ఇదియే.

పూర్తిగా చెప్పెదను. ఆండ్రాయిడ్ ఫోనులు 2008లో బజారునకు వచ్చినవి. అవి కొద్దిపాటి సందు దొరికినను గాఢనిద్రలోనికి జారుకొనునట్లు నిర్మింపబడినవి. మెలకువ అవసరమైన ప్రోగ్రాము వేక్‌లాక్ అను తాళమును పట్టుకొనవలెను. ఆ తాళము ఎవని చేతనున్నను యంత్రము నిద్రపోదు. ఈ పద్ధతి తగునా తగదా యని లినక్స్ పండితులకును ఆండ్రాయిడ్ వారికిని కొన్ని సంవత్సరములు వాదము నడచి, 2012లో వెలువడిన లినక్స్ 3.5 కూర్పులో ఇట్టి యేర్పాటునకే మఱియొక రూపమున చోటు దొరకినది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6వ కూర్పులో డోజ్ అను మఱియొక కట్టుబాటు చేసిరి. ఛార్జరు లేక, తెర ఆఱి, ఫోను కదలక పడియున్నచో, ప్రోగ్రాములు తమ చిల్లర పనులకై ఇష్టము వచ్చినప్పుడెల్ల దానిని లేపరాదు. వాని తాళములును చెల్లవు. నడుమ నడుమ వచ్చు కొద్దిపాటి వ్యవధిలో అన్నియు కలిసి పని ముగించుకొనవలెను. సాగర్ ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ రైతులకు వంతులవారీ నీటి సంగతి క్రొత్త గాదు. తూములన్నియు ఎల్లప్పుడును తెఱచియున్నచో చివరి భూములకు చుక్క దక్కదని వారెఱుగుదురు. డోజ్ కట్టుబాటు ఆ వంతు వంటిదే.

మఱి ఇంత కట్టుదిట్టమున్నను నా ఫోను ఎందుకు చచ్చినది? నా శిష్యుడు బ్యాటరీ లెక్కల పుట తెఱచి చూపెను. నేను వేసికొన్న ఒక ప్రోగ్రాము రాత్రియంతయు జీపీఎస్ పరికరమును మేల్కొలిపి యుంచినది. అది తన రాయి తీయలేదు. జీపీఎస్ డ్రైవరు పాపము ధర్మము తప్పలేదు; పలకపై రాయి యున్నంత వఱకు తూము తెఱచియే యుంచినది. మఱి డోజ్ కట్టుబాటు ఆ ప్రోగ్రామును ఏల ఆపలేదు? దానికి మినహాయింపును నేనే యిచ్చితిని! ఆ ప్రోగ్రామును వేసికొన్ననాడు, బ్యాటరీ పొదుపు నియమములనుండి దీనిని విడిచిపెట్టవచ్చునా యని తెరపై ప్రశ్న వచ్చినదట. నేను చదువకయే సరేయని నొక్కితిని. చదువకుండ సంతకము పెట్టవద్దని ముప్పది రెండేండ్లు పిల్లలకు బోధించినవాడను! ఆ వ్రేలు నొక్కుట నా యిల్లాలి ప్రాణము మీదికి వచ్చినది. శిష్యుని యెదుట నాకు సిగ్గు కలిగినది. అతడు మాత్రము, "సారూ, ఈ తప్పు మా వృత్తిలో రోజూ చూచునదే. పట్టుకొనుట అందఱికి గుర్తుండును, విడుచుట ఒక్కొక్కరు మఱతురు" అని నన్ను ఓదార్చెను.

ఆ మాట వినగనే నాకు మా బోరుబావి జ్ఞప్తికి వచ్చినది. ఇంతకన్న పెద్ద సిగ్గు అక్కడ నున్నది.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కాలువ పాఱని మెట్టప్రాంతములకు బోర్లే దిక్కు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేఱు జిల్లాయై కోదాడ అందు చేరినను, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినను, మోటార్ల కథ అంతటను ఒక్కటే. సేద్యమునకు కరెంటు విడతలుగా వచ్చు కాలమున, అది ఏ రాత్రి ఏ గంటకు వచ్చునో తెలియదు. చీకటిలో పాముల నడుమ, తడి నేలపై, స్టార్టరు నొక్కబోయి ప్రాణములు పోగొట్టుకొన్న రైతులున్నారు. అందుచేత ఆటోస్టార్టర్లు పెట్టుకొన్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరుగును. దీనిని సోమరితనమని ఎవరైన అన్నచో నేనొప్పుకొనను. అది ప్రాణభయమునకు విఱుగుడు.

కాని ఆ ఆటోస్టార్టరు ఎట్టి డ్రైవరో చూడుడు. దానికి లేపుటయే తెలియును, నిద్రపుచ్చుట తెలియదు. మడి తడిసినదా, వాన కురిసినదా, బావిలో నీరున్నదా, ఏమియు అడుగదు. తల్లియగు ట్రాన్స్‌ఫార్మరునకు ప్రాణము రాగానే పిల్లలన్నియు ఒక్కసారి లేచి అన్నమని ఏడ్చును. మోటారు లేచునప్పుడు, అది తిరుగునప్పటికన్న సుమారు 5 మొదలు 7 రెట్లు కరెంటు లాగును. పెక్కు డిస్కులున్న పెద్ద కంప్యూటర్లలో నైతే ఈ భారము తప్పించుటకై డిస్కులను ఒకదాని వెనుక నొకటి తిప్పుదురు. మా పొలమునకు కరెంటిచ్చు ట్రాన్స్‌ఫార్మరు క్రింద పండ్రెండు మోటార్లు. అన్నియు ఒక్క క్షణముననే లేచెడివి. ఫ్యూజులు పోవుట మాకు నిత్యకృత్యము. ఒక యాసంగిలో వరి పొట్టదశలో నుండగా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయినది. క్రొత్తది వచ్చునప్పటికి నా పొరుగురైతు పొలములో సగము తాలుపోయినది. ఆ పండ్రెండింటిలో ఒకటి నా మోటారు.

2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలో సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు నిచ్చిరి. అంతకుముందు 2017లో మన ఉమ్మడి నల్లగొండలోను, మెదక్, కరీంనగర్ ప్రాంతములలోను దానిని పరీక్షగా నడపిరి. నాటికి రాష్ట్రమున సేద్యపు మోటార్లు సుమారు 23 లక్షలు. ఇక రాత్రి వేళ కాచుకొనవలసిన పని లేదు గనుక ఆటోస్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది. లేనిచో ఇరువది నాలుగు గంటలును మోటార్లు ఆగక తిరిగి భూగర్భజలము అడుగంటునని హెచ్చరించినది. మా యూరిలో సభ జరిగినది. నేను లేచి, రేపు కరెంటు మఱల విడతలకు మాఱినచో మా గతి యేమి, ఉన్నదానిని ఎందుకు తీయవలెనని వాదించితిని. పంతులుగారు చెప్పినారని పలువురు తల లూపిరి. ఆటోస్టార్టర్లు నిలిచినవి.

ఆ యేటి వానాకాలమున ముసురు పట్టి మూడు రోజులు వాన కురిసినది. నేను సూర్యాపేటలో బంధువుల యింట నుంటిని. తిరిగి వచ్చునప్పటికి నా మోటారు వానలో సైతము తిరుగుచునే యున్నది. మడి నిండి, గట్టు తెగి, నీరు వాగున పడి పోవుచున్నది. ఆ యేటి వేసవిలో ప్రక్క చేని బోరు ఎండినది. నా మోటారు వలననే ఎండినదని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను. ఆ రైతు నన్నొక్క మాట యనలేదు. ఆ మౌనము నాకిప్పటికిని గుచ్చుకొనుచునే యున్నది.

నా ఫోనులో ఎవడో వ్రాసిన ప్రోగ్రాము చేసిన తప్పే, నా పొలములో నేను చేసితిని. ఎవడో రాయి తీయుట మఱచినందుకు నా బ్యాటరీ ఎండినది. నేను రాయి తీయుట మఱచినందుకు ఊరి నేల ఎండినది. నా బ్యాటరీ రెండు గంటలలో మఱల నిండును. నేలలోని నీరు అట్లు నిండునా?

శిష్యుడు హైదరాబాదునకు తిరిగి పోవునాడు ఇద్దఱమును పొలమునకు పోయి, తెలిసిన పనివానిచేత ఆటోస్టార్టరు తీయించితిని. మఱునాడు, 2018లో నేను వాదించిన ఆ రచ్చబండ వద్దనే నిలిచి, నాడు నేను చెప్పినది తప్పని చెప్పితిని. పండ్రెండు మందిలో ఇప్పటికి ఏడుగురు తీయించినారు. ఒక వృద్ధుడు మాత్రము, "రాత్రి లేవలేను, నాకు కాళ్లు లేవు" అనెను. అతని మాటయు న్యాయమైనదే. అతనికి ఫోనుతో ఆడించు స్టార్టరును కుమారులు అమర్చిరి. కరెంటున్నదో లేదో అది తెలుపును. మంచము మీద నుండియే నడుపవచ్చును, ఆపవచ్చును. తాళపుచెవి అవసరము తెలిసినవాని చేతికి వచ్చినది. ఇందాక జ్ఞప్తియందుంచుకొనుడని చెప్పిన మాట ఇదియే.

వృద్ధులారా! మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి విరమించెదను. మీ ఫోనులో సెట్టింగులయందు బ్యాటరీ యను పుట కలదు. వారమునకొకసారి మీ పిల్లలచేత దానిని తెఱిపించి, ఏ ప్రోగ్రాము ఎంత తినుచున్నదో చూడుడు. మీరు వాడనిది ఎక్కువ తినుచున్నచో తీసివేయుడు. మీరున్న చోటు తెలిసికొను అనుమతిని, ప్రోగ్రామును వాడుచున్నప్పుడు మాత్రమే యిండు. తెరపై ప్రశ్న వచ్చినప్పుడు చదివి గాని నొక్కకుడు. కన్ను ఆనకున్న మనుమనిచేత చదివించుకొనుడు. ప్రోగ్రాములనన్నిటిని మాటిమాటికి మూసివేయుట పొదుపని కొందఱనుకొందురు. అది కుంభకర్ణుని పదేపదే లేపుట వంటిది. ఫోను తయారుచేసినవారు పంపు క్రొత్త కూర్పులను వేయించుడు. డ్రైవర్ల తప్పులు దిద్దబడునది అందుననే. రాత్రి యింట ఒక్క ఫోనైనను నిండుగా ఛార్జితో నుంచుడు. ఇక మోటారు సంగతి మీ విజ్ఞతకే వదలుచున్నాను.

నేను చదివిన వ్యాకరణమున ఇత్తులను కొన్ని వర్ణములున్నవి. అవి శబ్దమునకు తోడుగా వచ్చి, చేయవలసిన కార్యము చేసి, లోపించును. తుది రూపమున కనబడవు. విద్యార్థిదశలో, కనబడక పోవుదానికి ఇంత శాస్త్రమేల యని విసుగుకొనెడివాడను. పని ముగిసిన తరువాత తొలగిపోవుటయు పనిలో భాగమేనని ఈ వయసున, నా శిష్యుని వద్ద నేర్చుకొంటిని. నేడు రాత్రి మీరు పరుండునప్పుడు, మీ యింటను పొలమునను పని లేకయే మేలుకొని యున్నది ఏమైన కలదేమో ఒక్కసారి చూచి మఱి పరుండుడు.